పదకొండో నంబరు గది

ముట్టుకోవద్దంటాడు.
ముట్టుకోకముందే అంటాడు.
మంచం పక్కన నా నీడ పడితే చాలు
దుప్పటి కింద ఒక భుజం బిగుసుకుంటుంది.

ఈలీ ఊరి చివర, నది వైపు తిరిగిన వృద్ధాశ్రమం.
రాత్రి డ్యూటీ నాది.
పదకొండో గదిలో వాల్టర్ ప్లెడ్జర్,
నలభై ఏళ్ళు బంగాళాదుంపల టోకు వ్యాపారం,
ఇప్పుడు కుడి పక్కటెముకల్లో నొప్పి, పొడిదగ్గు.
దగ్గొచ్చినప్పుడల్లా రెండు చేతులతో
రొమ్ము అదిమి పట్టుకుంటాడు
బీట పడ్డ కుండని మోసుకెళ్తున్నట్టు.

డాక్టరు రాసిన మందులు వేళకి ఇచ్చాను.
చార్టులో గళ్ళు నింపాను.
గళ్ళలో పట్టనివి మిగిలాయి:
నొప్పి ఉన్న పక్కకే ఒత్తిగిలి పడుకోవడం,
గంటలకొద్దీ నీళ్ళు అడక్కపోవడం,
అడిగితే మాత్రం
కోతల నుంచి వచ్చినవాడిలా
పెద్ద గ్లాసు ఎత్తిపట్టి ఖాళీ చెయ్యడం.
ఏదో కావాలంటాడు. తెస్తే
అది కాదంటాడు. ఏదో చెప్పడు.
మూడింటికి లెక్కలు మొదలు:
"విస్‌బీచ్ లారీ రాలేదు.
పదిహేడు బస్తాలు తక్కువ.
ఎవరు పెట్టారు సంతకం?"

ఇతన్ని నేనెప్పుడో కలిశాను.

తెనాలిలో మా మేనత్త కనకవల్లి
మందుల పేర్లతోనే మనుషుల్ని పిలిచేది.
"పల్సటిల్లా వస్తోందే, కిటికీ తెరువు,
కూర్చోగానే ఏడుస్తుంది."
"నక్స్ వామికా బాకీ తీర్చడానికొచ్చాడు,
చిల్లర సరిగ్గా ఎంచి ఇవ్వు."
సీసాలకి చీటీలు అంటించే పని నాది,
కూలి నాలుగు పంచదార గోలీలు.
బ్రయోనియా వచ్చిన రోజు
ఫ్యాను కూడా ఆపేసేది.
"పలకరించకు. జవాబు చెప్పడం కూడా
వాడికి కదలడమే."

ఆ తీగని మాత్రం ఇక్కడే చూశాను,
బస్‌స్టాపుకి వెళ్ళే దారిలో, ముళ్ళకంచె మీద.
దొండపాదు అనుకుని ఆగిపోయాను.
దొండ కాదు, దాని చుట్టమే,
లింగదొండకి ఇంకా దగ్గర.
ఎర్రటి పళ్ళు. మనకి విషం.
నేలలో పసిబిడ్డంత దుంప ఉంటుందట.
పైన అంతా నులితీగలు,
దొరికిందల్లా పట్టుకుంటాయి.
కొంతమేర కుడికి చుట్టుకుని
మధ్యలో మనసు మారినట్టు ఎడమకి తిరుగుతాయి.
ఈ నల్లనేలల మీద అడ్డులేని గాలి
కంచెనంతా ఊపేస్తుంటే
స్ప్రింగుల్లా సాగుతాయి, తెగవు.

ముట్టుకోవద్దనే మనిషికి
దేన్నీ ముట్టుకోకుండా ఒక్క పూట బతకలేని తీగని
జత కలిపిందెవరో!

ఒకటికి వంద పాళ్ళు, మళ్ళీ వంద, మళ్ళీ వంద,
ఆఖరికి సీసాలో తీగ ఉండదు
దాని జ్ఞాపకమే ఉంటుందనేది అత్తయ్య.
నేను నమ్మను ఇప్పుడు.
జేబులో సీసా లేదు,
ఉన్నా ఇవ్వనిచ్చే చోటు కాదిది.
చూడ్డం ఒకటి అంటుకుపోయింది, అంతే.

లైటు తగ్గించాను.
నొప్పి పక్కన దిండు ఇంకాస్త గట్టిగా దోపాను.
అరలీటరు గ్లాసు నిండా చన్నీళ్ళు, చేతికందేలా.
కుర్చీ కిర్రుమనకుండా కూర్చున్నాను.

నాలుగున్నరకి,
"ఇంటికెళ్ళాలి" అన్నాడు గోడతో.
ఇల్లెక్కడని అడగలేదు.
సొంత మంచంలో పడుకుని కూడా
బ్రయోనియా ఆ మాటే అంటాడు.

ఎప్పుడు చుట్టుకున్నాయో,
నా యూనిఫాం చెయ్యి అంచుకి రెండు వేళ్ళు.
నిద్రలో.
ముక్కు దురద పెట్టింది.
నేను కదల్లేదు.

ఆరింటికి కళ్ళు తెరిచి
వేళ్ళు లాగేసుకుని
"బస్తాలు దొరికాయా?"
దొరికాయన్నాను.
"పదిహేడూ?"
పదిహేడూ.
"సంతకం ఎవరిది?"

చార్టు మీద నా పేరు రాసి
అతనికి కనిపించేలా పట్టుకున్నాను.