పదో గడి

బంగాళాఖాతం అడుగున తవ్విన బురద
తిరుపతిలో, మూడో అంతస్తులో, ఫ్రిజ్‌లో ఉంటుంది.
ఐదు మీటర్ల గొట్టం. సెంటీమీటరుకో పొట్లం.
పొట్లానికి దాదాపు వందేళ్లు.

కిటికీ అవతల శేషాచలం రాతిగోడ.
అదీ ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఇసుకే అంటే
క్లాసులో పిల్లలు నవ్వుతారు.
ఆ ఇసుకలో గుల్లలు లేవు.
అప్పటికి గుల్ల అనేదే పుట్టలేదు.

బురదని జల్లెడలో కడిగి, ఆరబెట్టి
నల్ల పళ్లెంలో చల్లితే
మిగిలేది చిటికెడు తెల్లటి రవ్వ.
మైక్రోస్కోపు కింద ప్రతి రవ్వా ఒక ఇల్లు,
గదికి గది చేర్చి కట్టుకున్న సున్నపుటిల్లు.
కాపురమున్నది ఒకే ఒక్క కణం.
కొన్ని వారాలుండి ఖాళీ చేసి పోయింది,
అప్పటి నీళ్లు ఎంత వేడో, ఎంత ఉప్పో
గోడల్లోనే వదిలి.

ఏరడానికి చెంగమ్మ వస్తుంది.
ఇదివరకు పుంగనూరు మండీలో
చింతపండు కొట్టి గింజ తీసేది.
ఇప్పుడు మూడు వెంట్రుకల కుంచె
నాలిక కొసన తడిపి
ఒక్కో గుల్లనీ ఎత్తి అట్టస్లైడు గడిలో పెడుతుంది.
నాకిది పీహెచ్‌డీలో నాలుగో ఏడు.
మూడో వారానికే ఆమె తప్పులు నాకన్నా తక్కువ.

ఎడమకి చుట్టుకున్నవి వేరు, కుడికి చుట్టుకున్నవి వేరు.
నీళ్ల వేడిని బట్టి ఒక జాతి మెలిక మారుతుందని చెప్పాను.
"కొండకింద అంగట్లో ఒక్క వలంపురి శంఖానికి
వేలకి వేలు చెప్తారు మే,
ఈడ పళ్లెం నిండా వలంపురులే" అంది.
రేటడిగింది.
పది గుల్లలు కొలిపించడానికే మూడు వేలన్నాను.
"కొలిచినాక తిరిగిస్తారా?"
ఇవ్వరు. యాసిడ్‌లో కరిగిస్తారు.
కరిగితేనే చెబుతాయి.
చెంగమ్మ కాసేపు కుంచె ముట్టలేదు.

స్లైడుకి అరవై గడులు.
వాటి మీది అంకెలతో ఆమెకి పనిలేదు.
ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత...
అవ్వ తిరగలి చప్పుడుతో కలిపి నేర్పిందట.
"ఖరలో పెట్టినా, చూసుకో" అంటే
నేను వేళ్లు మడిచి
ఇరవై ఐదో గడి దాకా పోవాలి.

ఆ శనివారం రెండో పొట్లం.
సాయంత్రానికి స్లైడు నిండింది, పదోది తప్ప.
"ఖాళీ ఎందుకు?"
"అది ధాత."

చాలాసేపటికి మళ్లీ నోరు విప్పింది.
ధాత కరువులో జెముడు పళ్లు తిని
వాళ్ల అవ్వకు అవ్వ ఇంట్లో
ఏడుగురిలో ఇద్దరు మిగిలారట.
"ఈ పొట్లంలో ఆ ఏడు ఉంటాది కదా మే?
వాన రాలేదని ఏదో ఒక గుల్లలో ఉంటాది కదా?"

నిజం చెప్పక తప్పలేదు.
వానలు పడితే ఏళ్లు పొంగి ఖాతంలో ఉప్పు విరుగుతుంది,
పడకపోతే ముదురుతుంది, గుల్లకి తెలుస్తుంది.
కానీ అడుగున పురుగులుంటాయి చెంగమ్మా,
బురదని దున్నుతూనే ఉంటాయి,
నిరుటిది పైకి, ఈ ఏటిది కిందికి.
వందేళ్లూ కలిసి ఒక్క అంకె వస్తుంది.
అందులో రెండేళ్ల కరువు ఆనదు.

"దున్నేసినాయా" అంది.
కోపమో, సేద్యం ఎరిగిన మనిషి మెచ్చుకోలో.
"అట్లయితే సముద్రానికి
మా అవ్వకున్నంత గ్యాపకం లేదు."

ఈశాన్యపు మబ్బు కొండ దిగి కరెంటు పోయింది.
పళ్లెం ముందు ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
తుమ్మితే ఒక శతాబ్దం ఎగిరిపోతుంది.

సోమవారం గైడు లెక్క అడిగాడు.
యాభై తొమ్మిది అన్నాను.
"అరవై ఉండాలే?"
చెంగమ్మ తలెత్తలేదు.
మూడో పొట్లం విప్పుతోంది.