మేలుకొనే వరస

ఆకివీడు దాటాక శివారు చెరువుగట్టు మీద
రేకుల పాకలో, రాత్రి రెండున్నరకి
నా ముందొక బోర్డు.
దాని మీద చిటికెనవేలి గోరంత చిప్పు.
చుట్టూ మేత బస్తాల వాసన.

దాని పని చిన్నదే.
పది నిమిషాలకోసారి లేవాలి,
రొయ్య మేత కొరికే చప్పుడు వినాలి,
నీళ్ళలో ఊపిరి తగ్గిందో లేదో ఊహించి
ఏరేటరుకి ఓ మాట చెప్పి
మళ్ళీ పడుకోవాలి.
నిద్రే దాని బతుకు. బ్యాటరీ అంటే మాటలా.

మొన్న గురువారం తెల్లవారుజామున లేచింది.
లేచి, అంతా బాగుందని చెప్పింది.
తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టువారకి తేలి ఉన్నాయి.
రామభద్రరాజు గారు వొంగి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు.
నావైపు చూళ్ళేదు.
తిట్టి ఉంటే బావుండేది.

ఇప్పుడు తెరమీద మూడు గీతలు.
పైన కరెంటు, మధ్యలో క్లాక్, కింద రీసెట్.
కరెంటు లేచింది, ఏటవాలుగా, బుద్ధిగా.
క్లాక్ ఇంకా బురదలో కాలు దిగబడ్డ మనిషి:
ఓ అడుగు వేసి, ఆగి, సగం అడుగు వేసి.
అప్పటికే రీసెట్ చెయ్యి వదిలేసింది.
నిలదొక్కుకోవడానికి ఇంకా మూడు టిక్కులుండగానే.
లోపల వేల గుణకాలు
ఎవరి చోట్లో ఎవరు కూర్చున్నారో తెలీకుండా
కూడి, హెచ్చించి, ఒక జవాబు చెప్పేశాయి.
తప్పు జవాబుకి తడబాటుండదు.

ఆ వరస రాసింది నేనే.
"మూడు టిక్కులేగా, సరిపోద్దిలే" అన్నదీ నేనే,
చల్లటి గదిలో, రెండో కాఫీ తర్వాత.

లాకుల దగ్గర్నుంచి లస్కరు యేసుపాదం వచ్చాడు,
చేతిలో ఫ్లాస్కు, భుజాన తడి తువ్వాలు.
"ఏటండి ఆ గీతలు?"
చెప్పాను. సగం చెప్పాక నాకే అర్థం కాలేదు.
ఆయనకి అయినట్టుంది.

"జూన్లో నీళ్ళొదిలేప్పుడు
తలుపులన్నీ ఒక్కసారి ఎత్తెయ్యమండి.
ఎండకి నెర్రెలిచ్చిన గట్టు, దెబ్బకి కూలిపోద్ది.
ఓ పలక ఎత్తి, రాత్రంతా చూసి, అప్పుడు రెండోది.
మొదటి నీళ్ళు తూముల్లోకి పోనివ్వం.
అయ్యి గుర్రపుడెక్కా, చచ్చిన కుక్కా మోసుకొస్తాయి.
కొలబద్ద దగ్గర మట్టం నిలబడ్డాకే
వంతుల లెక్క మొదలెడతాం."

కట్టేసేప్పుడో?

"ముందు ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం.
తూములు బిగిస్తాం.
ఆ తర్వాతే తలుపు దించడం.
వేసవంతా తాగేది ఆ నీళ్ళేగదండి."

నలభై ఒక్క పేజీల పత్రం నా సంచిలో ఉంది.
దాన్ని బయటికి తియ్యలేదు.
టీ పోసుకున్నాం. చల్లారిపోయి ఉంది, తాగాం.

ఎప్పుడైనా వరస తప్పిందా, అనడిగాను.

ఆయన కాలువ వైపు చూశాడు.
చీకట్లో కాలువ కనపడదు, అయినా చూశాడు.
"ఒక్కసారి," అన్నాడు.
"ఆ ఊరోళ్ళు ఇప్పటికీ నన్ను పేరెట్టి పిలవరండి.
లస్కరూ అంటారు."

తర్వాత ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.
ఓ కప్ప పాకలోకి గెంతి, జనరేటరు చూసి,
వచ్చిన దారినే పోయింది.

మూడుని అరవై నాలుగు చేశాను.
అదృష్టం, ఆ అంకె సిలికాన్లో గట్టిపడిపోలేదు,
రిజిస్టరులో ఉంది, వేలికి అందేచోట.
పడుకునే ముందు గుణకాలు దాచుకొమ్మని ఓ మూల తడిగా ఉంచాను.
ఇంకో లైను కూడా రాశాను, అది పత్రంలో లేదు:
లోపల అన్నీ కుదురుకునేదాకా
బయటికి ఒక్క మాటా రాకూడదు,
ఆ మాట రాని సేపంతా ఏరేటరు తిరుగుతూనే ఉండాలి.

నాలుగుంబావుకి చిప్పు లేచింది.
కరెంటు. క్లాక్. క్లాక్. క్లాక్.
రీసెట్ ఇంకా పట్టుకునే ఉంది.
పాక బయట చెరువులో చక్రాలు నీళ్ళని కొడుతున్నాయి,
యేసుపాదం టార్చి వేసి గట్టువార చూస్తున్నాడు,
నేను అరవై నాలుగు దాకా
పైకే లెక్కపెడుతున్నాను,
చిప్పుకి అంత సేపు పట్టదని తెలిసీ.