మూడు రోజుల గిరాకీ

హనుమంతవాక జంక్షన్ దాటాక, హైవే పక్కన
రెండు వెదురుబొంగులకి కట్టిన నైలాన్ తాడు మీద
తలకాయలు వేలాడదీసి కూర్చుంటాను.
లోపల ఎవరూ లేని తలకాయలు.
సముద్రం వైపు నుంచి గాలొస్తే
టకటకా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

భయం రేటు నాకు తెలుసు.
మద్దిలపాలెంలో పోలీసులు కాపు కాసిన రోజు
పదింటికల్లా సగం తాడు ఖాళీ.
"పట్టకపోయినా పర్లేదు, ఏదో ఒకటియ్యి."

ఎండాడ దగ్గర ఎవరో పడ్డారని తెలిస్తే
మూడు రోజుల గిరాకీ.
మొదటి రోజు పట్టీ గట్టిగా లాగి చూస్తారు.
రెండో రోజు బేరమాడతారు.
మూడో రోజుకి, రోడ్డు మీద చల్లిన ఇసక
బస్సు టైర్లకి అంటుకుని వెళ్ళిపోతుంది.

యారాడ కొండ ఎక్కేవాడు పెట్టుకుంటాడు.
లోయ కనబడుతుంది మరి.
పాలపేకెట్టుకి వెళ్ళేవాడు పెట్టుకోడు.
వాడి వీధిలో లోయ లేదు,
చేపలబుట్టలోంచి కారిన నీళ్ళున్నాయి, అంతే.

తాతబ్బాయి షిప్‌యార్డులో వెల్డరు.
నిప్పురవ్వకి ముఖమంతా కప్పుకునే మనిషి
గేటు దాటగానే ఉత్త తలతో బండెక్కుతాడు.
"లోపలైతే నిప్పు కనబడతాది గదేటి" అన్నాడు.
నవ్వేశాను. నాకేం పోయింది.

నిన్న సాయంత్రం ఒకామె
ఏడేళ్ళ గుంటని బండి ముందు నిలబెట్టుకొచ్చింది.
గులాబీరంగుది తీశాను. మూడొందలు.
"ఇది నిజంగా ఆపుతాదా బాబూ?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.
రంగు అడిగారు, రేటు అడిగారు,
పోలీసోడు ఒప్పుకుంటాడా అని అడిగారు.
వెనక ఐఎస్ఐ స్టిక్కరు అంటించింది నేనే,
రాత్రిళ్ళు టీవీ చూస్తూ, షీటుకి యాభై.
గుంట అప్పుడే అది పెట్టుకుని
బండి అద్దంలో ముఖం చూసుకుంటోంది.

బొటనవేలితో నొక్కాను. కిర్రుమంది.
"ఇది వద్దులెండమ్మా. జగదాంబ దగ్గర పెద్ద షాపులో కొనండి."
రేటు పెంచడానికి ఎత్తనుకుందో ఏమో,
అదోలా చూసి తీసేసింది.
గుంట ఏడ్చింది.

తొమ్మిదింటికి తాడు విప్పి
ముప్పైరెండు హెల్మెట్లు మూటగట్టి వెనక వేసుకుని
ఆరిలోవ బయల్దేరాను.
ఇల్లు ఎంత దూరం, రెండు కిలోమీటర్లు.
ఎప్పట్లాగే ఉత్త తల.

సగం దారిలో బండాపి మూట విప్పాను.
వీధిదీపం కింద
ఒక్కొక్కటే నొక్కి చూస్తూ
ఏది పెట్టుకోవాలో తెలీక
చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.