ఒత్తిగిలి

నా సంచిలో అయిదు మీటర్ల టేపు ఉంటుంది.
జైలు గేటు దగ్గర దాన్నే ముందు అనుమానిస్తారు.
లాగి, వదిలి, అది చుర్రున వెనక్కి దూకితే
నవ్వి ఇచ్చేస్తారు.

జోంబా కొండ కింద మూడో బ్యారక్‌లో
పొడవు కొలవడానికి టేపు చాల్లేదు, రెండుసార్లు పరిచాను.
తొమ్మిది మీటర్లు. వెడల్పు అయిదు.
మనుషులు నూట అరవై.
తలకి ఒక దినపత్రిక విప్పినంత నేల,
ఇంకా కాస్త తక్కువే.

రాత్రి ఎలా పడుకుంటారో చూపించమంటే
లికాగ్వా సిగ్గుపడ్డాడు.
మేకను తోలుకుపోయాడని కేసు. నాలుగేళ్లుగా వాయిదా.
ఒకడి మోకాలి మడతలో ఇంకొకడి మోకాలు,
సంతలో పేర్చిన ఎండుచేపల్లా
పట్టపగలే పడుకోబెట్టి చూపించాడు.
అర్ధరాత్రి ఒకసారి, తొలికోడికి ముందు ఒకసారి
"ఒత్తిగిలండి!" అని అతనే కేకేస్తాడట.
అప్పుడు అందరూ ఒక్కసారిగా ఎడమ నుంచి కుడికి.
కేక పడకుండా ఎవడూ కదలడానికి లేదు.
"మధ్యలో పీడకల వస్తే?"
"దాన్ని కూడా అదే పక్క మీద కనాలి మేడమ్."

నా ఫారంలో దీనికి గడి లేదు.

నార్వేలో ఒక దీవికి వెళ్లాను.
పడవ నడిపినవాడు ఖైదీ అని దిగాక చెప్పారు.
వంటింట్లో కత్తులు ఊరికే వేలాడుతున్నాయి.
"ఉల్లిపాయ కోయడం మరిచిపోయినవాడు
బయటికెళ్లి ఏం తిని బతుకుతాడు?" అన్నాడు వార్డెన్ తోర్గైర్.
పన్నెండు చదరపు మీటర్లు, కిటికీ, కిటికీ నిండా సముద్రం.
గడియ లోపలివైపు.
వేసుకోవచ్చు, కానీ వేసుకోడట ఆ పడవవాడు.
ఎందుకో అడిగాను. తెడ్డు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

జపాన్‌లో ఫుసాయో గారికి ఎనభై ఒకటి.
నేరం: స్ట్రాబెర్రీల డబ్బా.
అంతకు ముందు నేరం: స్ట్రాబెర్రీల డబ్బా.
పాతికేళ్ల గార్డు పిల్ల ఆమె పళ్లసెట్టు కడిగి
గుడ్డ మీద ఆరబెడుతోంది.
విడుదల ఎప్పుడంటే
అప్పటిదాకా బాగా వినపడిన చెవి
హఠాత్తుగా వినపడ్డం మానేసింది.

రిపోర్టులు పంపాను.
రిపోర్టులు అందాయని రిపోర్టులు వచ్చాయి.
జోంబా నుంచి వచ్చినదానిలో
మేక ఊసు లేదు.

టాలిన్‌లో నా మంచం ఇద్దరికి చేసింది.
ఒక్కదాన్నే పడుకుంటాను. బయట మంచు.
రెండింటికి మెలకువ వస్తుంది, ఎడమ భుజం తిమ్మిరెక్కి.
కదలొచ్చు. గోడ దాకా చోటు నాదే.
అయినా ఊపిరి బిగబట్టి
లికాగ్వా కేక కోసం
ఆగుతాను.