మిగులు తీగ

చిక్కడపల్లిల మిఠాయి దుకాణం మీద, రెండో అంతస్తుల
చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివిపెట్టే గది ఉన్నది.
గోడలకు గుడ్డ, తలుపు అంచుకు రబ్బరు,
మైకు ముందు వకుళ టీచరు.
ఆమె మోకాలి పక్కన కంప్యూటరు.
దాని ఫ్యాను ప్రతి వాక్యం కింద పడుకొని గురక పెడుతది.
పానిపట్టు యుద్ధంలనూ అదే గురక,
కిరణజన్య సంయోగక్రియలనూ అదే.

"డబ్బాను బయటికి పంపు బాబూ.
తెర, మీటలు, మౌసు నా దగ్గరనే ఉండాలె."

టేపు పట్టి కొలిచిన.
కిటికీ పైనుంచి, వరండా దూలం వెంట,
మెట్ల మలుపు తిరిగి, కింద సామాను గది దాకా
ముప్పై తొమ్మిది మీటర్లు.
మౌసు తోక ఒకటిన్నర. తెర తాడు రెండు.
అంత దూరం వాటిని సాగదీస్తే మధ్యలనే సొమ్మసిల్లుతయి.
అందుకే అటొక పెట్టె, ఇటొక పెట్టె,
నడుమ ఒకటే తీగ. అతుకు ఉండొద్దు,
ఇంకే యంత్రంతోనూ పంచుకోవద్దు.
తీగ లోపల ఎనిమిది పోగులు, నాలుగు జతలు.

జహంగీర్ పార్క్‌లేన్ పోయి చుట్ట తెచ్చిండు.
"సగం ధరకే ఇచ్చిండు భయ్యా!"
నేను నిచ్చెన మీద ఉన్న. చూడలేదు.

సాయంత్రం కలిపినం.
మౌసు కదిలిస్తే బాణం కాసేపు ఆలోచించి కదిలింది.
కింద మిఠాయివాళ్ల గ్రైండరు తిరిగినప్పుడల్లా
ఉలిక్కిపడి మూలకు దుంకింది.
బ్లేడుతో పోగును గీకిన.
రాగి పైపూతే. లోపల తెల్లగ అల్యూమినియం.
జహంగీర్ ఏమీ అనలేదు,
చెప్పులేసుకొని మళ్లీ బస్సెక్కిండు.

తెల్లారి అసలు రాగి లాగినం.
గ్రైండరు కరెంటు తీగకు మూరెడు ఎడంగ.
దాటక తప్పని చోట అడ్డంగ దాటాలె,
పక్కపక్కన నడవొద్దు.
మలుపుల దగ్గర మడత పెట్టొద్దు,
చంటిపిల్ల మెడ కింద చెయ్యి పెట్టినట్టు వంచాలె.
కొన ఒలిచి పేర్చిన:
నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం,
నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ.
ఈ వరుస నాకు నిద్రల కూడ తప్పదు.
మా పిల్లల పుట్టినరోజులు తప్పుతయి.

బాణం పరుగెత్తింది. కానీ
తెర మీద 'ఆకు' అన్న మాట వెనక
సన్నగ ఎర్రనీడ.

ఒక జత గుసగుస ఇంకో జతకు వినబడొద్దని
నాలుగు జతలను నాలుగు తీర్ల మెలిపెడుతరు.
మెలికలు ఎక్కువైన జతది లోపల పొడుగు దారి.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసే బయలుదేరుతయి,
క్రాస్ రోడ్స్‌ల ముగ్గురు ఒకే బస్సు దిగి
ఒకడు సిగ్నల్ దగ్గర చిక్కుకున్నట్టు
ఒకటి వెనకబడుతది.
పెట్టె వెనక చిన్న మర ఉంటది.
వెనకబడ్డదాన్ని ఉరికించే మర కాదు అది,
అసొంటి మర ఎవరూ చెయ్యలేదు.
ముందొచ్చినవాటిని ఆపుతది.
సన్న పుల్లతో తిప్పిన, తిప్పిన,
ఆకు ఆకు మీదికి వచ్చి కూర్చున్నది.

లెక్కలు చూసే దామోదర్ గారు బిల్లు పట్టుకొని
"ముప్పై తొమ్మిదికి నలభై రెండెందుకు?" అన్నడు.
దూలం మీద గుండ్రంగ చుట్టి పెట్టిన మూడు మీటర్లను చూపిచ్చిన.
ఎలుక కొరికితే, గది మారితే,
నా తర్వాత వచ్చేటోడు కొన కోసి మళ్లీ కొట్టుకోవాలె.
ఆయన దాని పక్కన ప్రశ్నార్థకం రాసుకున్నడు.

తలుపేసినం. టీచరు చదివింది.
రెండు వాక్యాలు చదివి ఆగింది.
హెడ్‌ఫోన్స్ పెట్టుకొని విన్నది, మళ్లీ విన్నది.
ఫ్యాను లేదు. గ్రైండరు లేదు.
మాటకూ మాటకూ నడుమ సన్నగ, ఈలలెక్క,
ఇన్నేండ్లు గురక కింద దాక్కున్న ఆయాసం.

"ఇది నాదేనా?" అన్నది.
కొంచెంసేపటికి నవ్వి,
"దీన్ని ఎన్ని మీటర్లు పంపాలె బాబూ?"

జహంగీర్ కింద పడ్డ రంగు ముక్కలు ఏరుతున్నడు.
ఏరుడు ఆపలేదు.