వంటింటి బీరువా

తిరుపతి కొర్లగుంటలో
ఈ ఇంటికి మారిన రోజు
పడకగది తలుపులో బీరువా పట్టలేదు.
నాలుగు వేళ్ళు ఎక్కువ.
చెంగల్రాయులు తాడుతో కొలిచి కొలిచి
"యాడుంటే ఏమక్కా, బీరువా బీరువానే" అని
వంటింట్లో దించేసి పోయినాడు.

అప్పట్నుంచీ
పట్టుచీర కడితే పోపు వాసన.
పై అరలో రేషన్ కార్డు, కింద చింతపండు జాడీ.
లాకర్లోకి బంగారం యాడిది,
చీమలకందకుండా బెల్లం దాచినా.

ఉల్లిపాయలు పడకగది గూట్లోకి పోయినాయి.
మంచం కింద బియ్యం డబ్బా,
రాత్రి చెయ్యి జారితే
చల్లగా తగులుతాది.

పొద్దున డ్యూటీకి పోతా పోతా
మా ఆయన చొక్కా కోసం తలుపు తెరిచి
కాసేపు అట్లే నిలబడతాడు.
ఏం దేవులాడతా ఉండావంటే
"ఏం లేదు,
ఆకలేస్తాంది" అంటాడు.