పిన్నీసు

చెప్పుల నాణ్యత చూసే పని నాది, పల్లావరంలో.
ఆ పని మీదే పోర్చుగల్ పంపారు, పది రోజులు.
ఆదివారం ఖాళీ. ఓడెట్ సముద్రానికి తీసుకెళ్లింది.
నేను కొత్త చుడీదార్‌లో,
చున్నీని భుజానికి పట్టించిన పిన్నీసుతో.

ఇసుక నిండా ఒళ్లు.
ముసలి ఒళ్లు, చూలింత ఒళ్లు,
ఆపరేషన్ కుట్లు ఎండకి ఆరేసుకున్న ఒళ్లు.
నడుము పైన పీలిక లేని ఒకావిడ
నారింజ వలిచి మనవడికి తొనలందిస్తోంది.
కళ్లెక్కడ పెట్టుకోవాలో తెలీక
అందరి పాదాలూ చూశాను. అలవాటైన చోటు.
మడమల పగుళ్లు చూశాను,
బొటనవేలి ఎముక పక్కకి తిరిగినవాళ్లకి
ఏ సైజు పడుతుందో అంచనా వేశాను.

వాళ్లూ చూశారు, నన్నొక్కదాన్నే.
ఒక పిల్ల దగ్గరికొచ్చి
పిన్నీసు ముట్టుకుని ఏదో అడిగింది.
ఓడెట్ నవ్వుతూ చెప్పింది:
"ఎక్కడైనా చిరిగిందా అంటోంది."

లేదన్నాను.
ఆ రోజంతా చిరిగిన చోటు
వెతుక్కుంటూనే ఉన్నాను.

తిరిగొచ్చాక వసుమతి వంటింట్లో
గొంతు తగ్గించి, "నిజంగానే ఏమీ...?" అంది.
"నారింజలు బాగుంటాయక్కడ" అన్నాను.

ఈ పొద్దున బెసంట్ నగర్.
పెళ్లివాళ్లెవరో పట్టుచీరలతోనే అలల్లోకి దిగి
తడిసి, బరువెక్కి, ఒకర్నొకరు పట్టుకుని అరుస్తున్నారు.
ఊరూర్ కుప్పం వైపు
గోచీలతో నలుగురు వల లాగుతున్నారు.
మగవాడి గోచీని ఎవరూ చూడరు, అది పనిబట్ట.

పడవ నీడలో, గోనె మీద
శంకరా చేపలు పరుచుకుని అంజలై అవ్వ.
ఆమెకి రవిక లేదు.
ఎనిమిదేళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాను,
ఇవాళే చూశాను.
ఎముక తేలిన భుజం మీద ఉప్పు,
నీరుకావి కొంగు ఒక పోగంత.
గాలి వీస్తే ఆమె సర్దుకోదు,
కొంగే సర్దుకుంటుంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది అరవంలో.
"పిన్నీసు. ఊడిపోయింది."
అబద్ధం. గుప్పిట్లోనే ఉంది,
మూత తెరుచుకుని, అరచేతిని గుచ్చుతూ.

"ఇసుకలో పడ్డది ఇసుకదే. చేపలు చూసుకో."

వంగి మొప్పలు ఎత్తి చూస్తుంటే
చున్నీ జారి చేపల మీద పడింది.
ఆమె దాంతోనే రెండుసార్లు
ఈగల్ని తోలి,
తిరిగిచ్చింది.